నేలమీద గడిచే గంట

వృద్ధులు పడిపోవడం మన ఇళ్లలో కొత్త విషయం కాదు. తాతగారు స్నానాల గదిలో కాలు జారి పడ్డారనో, నాయనమ్మ గడప తట్టుకొని తుంటి విరగ్గొట్టుకొందనో వినని కుటుంబం అరుదు. అటువంటి వార్త తెలియగానే బంధువులు అడిగే మొదటి ప్రశ్న "ఎముక ఏమైనా విరిగిందా?" అన్నది. విరగలేదని తెలిస్తే అందరి మనసులూ కుదుటపడతాయి. వైద్యులు మాత్రం దానితోపాటు మరొక ప్రశ్న కూడా అడగడం నేర్చుకొన్నారు. పడిన తరువాత ఆ మనిషి ఎంతసేపు నేలమీద ఉన్నారు? ఈ రెండో ప్రశ్నకు ఉన్న ప్రాధాన్యం తెలిస్తేగాని, వృద్ధుల మెడకూ నడుముకూ మణికట్టుకూ చిన్న చిన్న యంత్రాలను తగిలించి, వారు పడిన క్షణాన్ని కనిపెట్టాలని శాస్త్రజ్ఞులు ఎందుకింత శ్రమపడుతున్నారో బోధపడదు.

ఒంటరిగా జీవిస్తున్న ఒక వృద్ధురాలిని ఊహించుకోవచ్చు. తెల్లవారుజామున మంచినీళ్ల కోసం లేచి, చీకట్లో తూలి వంటింటి గుమ్మం దగ్గర పడింది. ఎముక విరగలేదు. కాని లేవలేకపోతోంది. చేతులు ఆన్చి లేద్దామంటే మోకాళ్లు సహకరించడం లేదు. పట్టుకొని లేవడానికి దగ్గరలో ఏ ఆధారమూ లేదు. ఫోను పడకగదిలో బల్లమీద ఉంది. వీధి తలుపుకు లోపలి నుంచి గడియ వేసి ఉంది. పాలు పోసే అబ్బాయి వచ్చి రెండుసార్లు పిలిచి, నిద్రపోతోందనుకొని ప్యాకెట్టు తలుపుకు తగిలించి వెళ్లిపోయాడు. ఆమె పడటానికి పట్టిన కాలం ఒక సెకను. పనిమనిషి వచ్చి తలుపు తట్టేవరకు గడిచిన కాలం నాలుగు గంటలు.

ఆ నాలుగు గంటలూ శరీరం ఊరక ఉండదు. గట్టి నేలకూ ఎముకకూ మధ్య నలిగిన కండరాలకు రక్తప్రసరణ తగ్గుతుంది. వాటి కణాలు చిట్లి, వాటిలోని పదార్థాలు రక్తంలో కలుస్తాయి. వాటిని వడకట్టలేక మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. నీరు అందక శరీరం ఎండిపోతుంది. చల్లని గచ్చుమీద శరీరోష్ణం పడిపోతుంది. ఒత్తిడి పడినచోట చర్మం కమిలి పుండ్లు పడతాయి. వెల్లకిల పడి కదలలేని వారికి ఊపిరితిత్తులలో న్యుమోనియా చేరే అవకాశం ఎక్కువ. దెబ్బ తగలకపోయినా, లేవలేకపోవడమే వేరొక వ్యాధిగా పరిణమిస్తుంది.

ఈ సంగతిని లెక్కలతో మొదట చూపినవారిలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ వైద్యులు ముఖ్యులు. ఇంటిలో పడిపోయిన 65 ఏళ్లు పైబడిన 125 మందిని వారు ఏడాదిపాటు గమనించి, 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో తమ ఫలితాలను ప్రకటించారు. పడినవారిలో నాలుగోవంతు మంది ఏడాది తిరిగేలోగా మరణించారు. అదే వయసులో ఉండి పడనివారితో పోలిస్తే ఇది అయిదు రెట్లు. గంటకు మించి నేలమీద ఉండిపోయినవారిలో సగంమంది ఆరు నెలలలోపే చనిపోయారు. ఆ పరిశోధకులలో ఒకరైన బెర్నార్డ్ ఐజాక్స్ వార్ధక్యంలో మనిషిని కూల్చే నాలుగు సమస్యలను 'మహాకాయులు' అని వర్ణించిన వైద్యాచార్యుడు. కదలలేకపోవడం, తూలిపడటం, మలమూత్రాలపై అదుపు తప్పడం, తెలివి మందగించడం ఆ నాలుగు.

ఈ లెక్కను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. నేలమీద గంటసేపు ఉండటం వల్లనే వారందరూ మరణించారని దీని భావం కాదు. గంటసేపు లేవలేకపోయిన మనిషి అప్పటికే బలహీనుడు, బహుశా అప్పటికే రోగగ్రస్తుడు. పడటం ఆ బలహీనతకు కారణం కావడమే కాక దానికి గుర్తు కూడా కావచ్చు. అయినప్పటికీ ఆ గంటను పది నిమిషాలకు తగ్గించగలిగితే కొంత హానినైనా ఆపవచ్చునన్న ఆశ సమంజసమైనదే. లేవలేనివారి సంఖ్య కూడా తక్కువ కాదు. ఏ గాయమూ తగలని వృద్ధులలోనే దాదాపు సగంమంది ఒక్కసారైనా ఇతరుల సాయం లేకుండా లేవలేకపోయారని 1993లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం తేల్చింది.

ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల ప్రాణాలు కోల్పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అంచనా వేసింది. అనుకోకుండా జరిగే ప్రమాద మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. 65 ఏళ్లు దాటినవారిలో వందకు 28 నుంచి 35 మంది ఏటా ఒక్కసారైనా పడుతున్నారని కూడా ఆ సంస్థ పేర్కొంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారు పది కోట్లకు పైగా ఉన్నారు. పిల్లలు చదువులకో ఉద్యోగాలకో దూరప్రాంతాలకు వెళ్లగా, ఇంటిలో ఇద్దరే మిగిలి, కొంతకాలానికి ఒక్కరే మిగిలే కుటుంబాలు మన పల్లెలలోనూ పట్టణాలలోనూ కనిపిస్తూనే ఉన్నాయి.

సాయం కోసం పిలిచే పరికరం అన్న ఆలోచన పాతదే. 1970ల తొలి సంవత్సరాలలో జర్మనీలోనూ, 1974లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలోనూ ఇటువంటి సేవలు రూపుదిద్దుకొన్నాయి. మెడలో లాకెట్‌లాగా వేలాడే ఒక మీట. పడినవారు దానిని నొక్కితే ఇంటిలోని టెలిఫోను ద్వారా సహాయ కేంద్రానికి కబురు అందుతుంది. అక్కడి ఉద్యోగి పలకరించి, అవసరమైతే మనిషిని పంపుతాడు. ఈ ఏర్పాటులో లోపమేమీ లేదనే చాలాకాలం అందరూ భావించారు.

ఆ నమ్మకాన్ని కదిలించినది కేంబ్రిడ్జి నగరంలో జరిగిన ఒక పరిశీలన. 90 ఏళ్లు దాటిన 110 మందిని ఏడాదిపాటు గమనించి 2008లో దాని ఫలితాలను ప్రచురించారు. వారిలో నూటికి 60 మంది ఆ ఏడాదిలో పడ్డారు. పడినవారిలో నూటికి 80 మంది ఒక్కసారైనా తమంతట తాము లేవలేకపోయారు. నూటికి 30 మంది గంటో అంతకు మించో నేలమీద ఉండిపోయారు. వారిలో చాలామంది ఇళ్లలో పిలుపు మీటలు ఉన్నాయి. కాని ఎక్కువసేపు నేలమీద ఉండిపోయిన సందర్భాలలో అత్యధిక భాగం ఆ మీటను ఎవరూ నొక్కనేలేదు.

ఎందుకు నొక్కలేదు? కొందరు దానిని ధరించలేదు. కొందరికి చేయి కదలలేదు. కొందరికి అది ఉన్నదన్న సంగతే గుర్తులేదు. కారణాలు ఇంతటితో ముగిసిపోతే విషయం తేలికయ్యేది. మరికొందరికి అది చేతికి అందుబాటులోనే ఉన్నా నొక్కడానికి మనసొప్పలేదు. తామే లేవగలమనుకొన్నారు. అర్ధరాత్రి ఎవరినో నిద్రలేపి ఇబ్బంది పెట్టడం ఎందుకనుకొన్నారు. తాము పడినట్లు తెలిస్తే ఇంటినుంచి కదిలించి ఏ వృద్ధాశ్రమంలోనో చేరుస్తారేమోనని భయపడినవారూ ఉండకపోరు. ముసలితనంలో మనిషి చివరిదాకా కాపాడుకోదలచేది తన స్వతంత్రాన్ని. ఆ మీట నొక్కడమంటే స్వతంత్రం పోయిందని స్వయంగా ఒప్పుకోవడంగా వారికి తోచి ఉండవచ్చు.

కనుక మనిషి నొక్కనవసరం లేకుండా, పడిన సంగతిని యంత్రమే గ్రహించి కబురు పంపితే ఎట్లా ఉంటుందన్న ఆలోచన బలపడింది. 1990లలోనే బ్రిటన్‌లో నడుముకు కట్టుకొనే ఇటువంటి పరికరాలపై ప్రయోగాలు జరిగాయి. దెబ్బను గ్రహించే ఒక భాగం, శరీరం అడ్డంగా ఒరిగిందని గ్రహించే మరొక భాగం వాటిలో ఉండేవి. ఆ దశాబ్దంలోనే కార్లలో గాలిసంచులను విప్పడం కోసం గోరుకంటె చిన్నవైన త్వరణమాపకాలు పెద్దఎత్తున తయారుకావడం మొదలైంది. కారు గుద్దుకొన్నప్పుడు గ్రహించే పరికరం, మనిషి పడినప్పుడు ఎందుకు గ్రహించదు?

త్వరణమాపకం పనితీరు భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు కష్టమైన విషయం కాదు. సిలికాన్ బిళ్లమీద కంటికి కనిపించనంత చిన్న దిమ్మెను, అంతకంటె సన్నని స్ప్రింగుల నడుమ వేలాడదీస్తారు. దిమ్మెకు దువ్వెన పళ్లవంటి పలకలు ఉంటాయి. వాటికి ఎదురుగా కదలని పలకలు ఉంటాయి. ఈ రెంటి జత ఒక కెపాసిటర్. పరికరం కదిలినప్పుడు జడత్వం వల్ల దిమ్మె కాస్త వెనుకబడుతుంది. పలకల మధ్య దూరం తల వెంట్రుక మందంలో వేలవంతు మారినా కెపాసిటీలో వచ్చే తేడాను విద్యుత్ వలయం కొలవగలదు. ఒకదానికొకటి లంబంగా ఉండే మూడు దిశలలోనూ ఇట్లా కొలిస్తే శరీరం ఎటు ఎంత త్వరణంతో కదులుతున్నదో సెకనుకు పదులసార్లు, వందలసార్లు కూడా నమోదు చేయవచ్చు.

ఇందులో ఒక వింత ఉంది. బల్లమీద కదలకుండా ఉన్న త్వరణమాపకం సున్నాను చూపదు. గురుత్వ త్వరణానికి సమానమైన విలువను, అంటే ఒక 'జీ'ని చూపుతుంది. దిమ్మె బరువును స్ప్రింగులు మోస్తూ ఉండటమే అందుకు కారణం. అదే పరికరాన్ని చేతినుంచి జారవిడిస్తే, దిమ్మె, స్ప్రింగులు, పెట్టె అన్నీ కలిసి ఒకే త్వరణంతో కిందికి పోతాయి. స్ప్రింగులపై బరువు ఉండదు. అప్పుడు సూచిక సున్నాకు చేరుతుంది. స్వేచ్ఛా పతనాన్ని ఈ విధంగా సున్నా ద్వారా గుర్తించవచ్చు.

మనిషి పడినప్పుడు ఈ సూచికలో ఒక క్రమం కనిపిస్తుంది. నిలబడి ఉన్నప్పుడు ఒక 'జీ'. అదుపు తప్పి కిందికి వస్తున్నప్పుడు ఆ విలువ తగ్గుతుంది. నేలను తాకిన క్షణంలో హఠాత్తుగా రెండు, మూడు, ఒక్కొక్కప్పుడు అంతకు మించిన 'జీ'లకు ఎగబాకుతుంది. తరువాత మళ్లీ ఒక 'జీ' వద్ద నిలుస్తుంది. కాని ఇప్పుడు గురుత్వాకర్షణ పనిచేసే దిశ మారింది. ఇంతకు ముందు తలనుంచి పాదాలవైపు ఉన్నది ఇప్పుడు వీపునుంచి పొట్టవైపో, పక్కకో ఉంటుంది. నిలువుగా ఉన్న మనిషి అడ్డమయ్యాడని అర్థం. ఆపైన కదలిక లేకపోతే, పడి లేవలేకపోతున్నాడని యంత్రం నిర్ణయిస్తుంది. మీటరు ఎత్తునుంచి స్వేచ్ఛగా పడే వస్తువు నేలను చేరడానికి 0.45 సెకను పడుతుంది. అప్పటి వేగం గంటకు 16 కిలోమీటర్లు. మనిషి పతనం పూర్తిగా స్వేచ్ఛా పతనం కాదు కనుక కాస్త ఎక్కువ సమయం పడుతుంది. యంత్రం చూడవలసిన నాటకమంతా రమారమి ఒక సెకనులో ముగుస్తుంది.

ఐర్లండ్‌లోని లిమరిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రకటించిన ప్రయోగం ఈ రంగంలో తరచు ప్రస్తావనకు వస్తుంది. ఆరోగ్యవంతులైన పదిమంది యువకులు ఛాతీకీ తొడకూ సెన్సార్లు కట్టుకొని, మందపాటి పరుపులమీద రకరకాలుగా పడ్డారు. పదిమంది వృద్ధులు తమ ఇళ్లలోనే కుర్చీలో కూర్చోవడం, లేవడం, పడుకోవడం, నడవడం వంటి నిత్యకృత్యాలు చేసి చూపారు. ఛాతీ వద్ద 3.52 'జీ'ని హద్దుగా పెట్టుకొంటే పడినవన్నీ ఒకవైపు, నిత్యకృత్యాలన్నీ మరొకవైపు చక్కగా విడిపోయాయి. ఒక్క పొరపాటు కూడా లేదు. సమస్య పరిష్కారమైనట్లే కనిపించింది.

ఈ ప్రయోగంలో పడినవారెవరు, పడనివారెవరు అన్నది గమనించదగిన విషయం. పడినవారు యువకులు. పడనివారు వృద్ధులు. ప్రయోగశాలలో ఎనభై ఏళ్ల మనిషిని పడవలసిందిగా కోరడం ఏ పరిశోధకునికీ తగని పని. అందువల్ల ఈ రంగంలోని ప్రయోగాలలో అధికభాగం యువకుల పతనాలపైనే ఆధారపడ్డాయి. 2017లో కొలంబియా దేశపు పరిశోధకులు 38 మంది కదలికలను సేకరించి ప్రపంచానికంతటికీ అందుబాటులో ఉంచారు. వారిలో 15 మంది పెద్దవయసువారు. అయితే ఆ 15 మందిలో పడి చూపినవారు ఒక్కరే. ఆయనకు 60 ఏళ్లు. ఆయన జూడో విద్యలో నిపుణుడు! ఎట్లా పడాలో జీవితమంతా సాధన చేసిన మనిషిని చూసి, ఎట్లా పడకూడదో తెలియక పడే మనిషిని గుర్తించడం యంత్రం నేర్చుకోవలసి వచ్చింది.

నేర్చిన పాఠానికీ నిజ జీవితానికీ మధ్య ఉన్న దూరం 2012లో బయటపడింది. ఐరోపాకు చెందిన పరిశోధకులు సెన్సార్లు ధరించి ఉండగా నిజంగా పడినవారి నుంచి 29 పతనాల నమోదులను సేకరించారు. అంతకుముందు ప్రచురితమైన 13 పద్ధతులను వాటిపై పరీక్షించారు. ప్రయోగశాలలో నూటికి నూరు మార్కులకు దగ్గరగా వచ్చిన ఆ పద్ధతులు, నిజమైన పతనాలలో సగటున నూటికి 57ను మాత్రమే గుర్తించాయి. ముగ్గురిని ఒక్కరోజు పర్యవేక్షించినపుడు ఆ పద్ధతులు ఇచ్చిన తప్పుడు హెచ్చరికలు మూడు మొదలు 85 వరకు ఉన్నాయి.

వృద్ధుడు పడే తీరు వేరు. యువకుడు పరుపుమీద పడేటప్పుడు తాను పడబోతున్నానని తెలిసే, ఒక్కసారిగా శరీరాన్ని వదిలివేస్తాడు. వృద్ధుడు పడకుండా నిలదొక్కుకోవడానికి చివరిదాకా ప్రయత్నిస్తాడు. ఒక అడుగు పక్కకు వేస్తాడు. గోడను పట్టుకొంటాడు. బల్ల అంచును తాకుతాడు. మంచంమీదినుంచి దుప్పటితోపాటు మెల్లగా జారుతాడు. కుర్చీ ఉన్నదనుకొని కూర్చోబోయి అక్కడ లేకపోవడంతో కూలబడతాడు. వీటిలో కొన్నింటిలో సున్నావైపు తగ్గడమూ ఉండదు, మూడున్నర 'జీ'ల దెబ్బా ఉండదు.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో రెండు వృద్ధుల సంరక్షణ గృహాలలో ఉమ్మడి స్థలాలలో అమర్చిన కెమెరాలు ఈ విషయాన్ని కళ్లకు కట్టించాయి. 2007 నుంచి 2010 వరకు 130 మంది పడిన 227 సందర్భాలు వాటిలో నమోదయ్యాయి. స్టీఫెన్ రాబినోవిచ్ బృందం వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించి 2013లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. వృద్ధులు కాలు జారి పడతారని లోకం అనుకొంటుంది. ఆ దృశ్యాలలో కాలు జారినవి నూటికి మూడు మాత్రమే. ఏదో తట్టుకొని పడినవి 21. శరీర భారాన్ని ఒక కాలినుంచి మరొక కాలికి సరిగా మార్చుకోలేక పడినవి 41. నిశ్చలంగా నిలబడి ఉన్నప్పుడు పడినవీ, కూర్చోబోతూ పడినవీ తక్కువేమీ కాదు. ఎవరూ తోయలేదు, నేల తడిగా లేదు. మనిషి తిరగబోయాడు, పాదం ఆలస్యంగా కదిలింది, పడిపోయాడు. తడి గచ్చు ఉండే మన స్నానాల గదులను ఆ కెమెరాలు చూడలేదన్నది నిజమే. అయినా పడిపోవడం అన్న మాట వెనుక ఎన్ని రకాల పతనాలున్నాయో ఆ దృశ్యాలవల్ల తెలిసివచ్చింది. నిజమైన పతనాల నమోదులనే వందల సంఖ్యలో సేకరించడానికి ఐరోపాలో 'ఫార్‌సీయింగ్' అనే పథకం నడిచింది. యంత్రానికి అసలైన గురువులు పరుపుమీద పడిన యువకులు కారనీ, నేలమీద పడిన వృద్ధులేననీ శాస్త్రజ్ఞులు అంగీకరించారు.

యంత్రానికి ఆనవాళ్లు పెంచడం మరొక మార్గం. శరీరం ఎంత వేగంగా తిరిగిందో కొలిచే గైరోస్కోపును చేర్చారు. వాతావరణ పీడనాన్ని కొలిచే సెన్సారును చేర్చారు. సముద్రమట్టం వద్ద ఒక మీటరు కిందికి దిగితే పీడనం సుమారు 12 పాస్కళ్లు పెరుగుతుంది. నిలబడిన మనిషి నడుము నేలకు చేరిందనడానికి ఆ స్వల్పమైన తేడా సాక్ష్యం ఇవ్వగలదు. అయితే గదిలో తలుపు గట్టిగా మూసినా పీడనం క్షణకాలం మారుతుంది గనుక ఈ సాక్షిని ఒంటరిగా నమ్మడానికి వీలులేదు. ఇటీవలి పరికరాలలో ముందుగా నిర్ణయించిన హద్దులకు బదులు, వేలాది నమోదులను చూసి తేడాను తానే నేర్చుకొనే పద్ధతులు పనిచేస్తున్నాయి.

సెన్సారును ఎక్కడ ధరించాలన్నది చిన్న ప్రశ్నగా కనిపించినా దానిమీదనే చాలా ఆధారపడి ఉంది. నడుము శరీరపు గరిమనాభికి దగ్గర. అక్కడ కట్టిన సెన్సారు శరీరం మొత్తం కదలికను నిజాయితీగా చెబుతుంది. కాని పొద్దస్తమానం నడుముకు పెట్టె కట్టుకొని తిరగడానికి ఇష్టపడేవారు కొద్దిమందే. మణికట్టుకు గడియారం అందరికీ అలవాటే. అయితే చేయి ఊరకుండదు. పప్పు రుబ్బుతుంది, తడిబట్టలను దులిపి ఆరవేస్తుంది, భజనలో తాళం వేస్తుంది, మాట్లాడుతూ బల్లను చరుస్తుంది. వీటిలో ప్రతిదీ యంత్రానికి పతనంలాగా తోచవచ్చు. మెడలోని లాకెట్ ఈ రెంటికీ మధ్యస్థం. శాస్త్రానికి అనుకూలమైన చోటు ఒకటి, మనిషికి అనుకూలమైన చోటు మరొకటి. ఈ తగవులో చివరకు గెలిచినది మనిషే. బల్లమీద పెట్టిన సెన్సారు ఎంత కచ్చితమైనదైనా ఎవరి పతనాన్నీ కనిపెట్టలేదు.

తప్పుడు హెచ్చరికల విషయం ఇంకొంచెం ఆలోచించదగినది. ఒక వృద్ధుడు ఏడాదికి ఒకసారి పడతాడని అనుకొందాం. అతని యంత్రం వారానికి ఒక్కసారి మాత్రమే పొరపాటు పడుతుందనుకొందాం. ఏడాది చివరకు 52 తప్పుడు హెచ్చరికలు, ఒక్క నిజమైన హెచ్చరిక. మొదటి మూడుసార్లు కూతురు పని వదిలి పరుగెత్తుకు వస్తుంది. పదోసారి ఫోను చేసి కనుక్కొంటుంది. ఇరవయ్యోసారి ఫోను మోగినా తీయదు. నాన్నా పులి అని అరిచిన పిల్లవాని కథ తెలియనివారు లేరు. అరుదుగా జరిగే సంఘటనను కనిపెట్టే యంత్రానికి కొద్దిపాటి పొరపాటు కూడా ఎంత పెద్దదో ఈ లెక్క చెబుతుంది. హద్దును పెంచితే తప్పుడు హెచ్చరికలు తగ్గుతాయి, కాని మెల్లగా జారిపడినవారు తప్పిపోతారు. తగ్గిస్తే వారు దొరుకుతారు, కాని కూతురి ఓర్పు నశిస్తుంది.

ఈ చిక్కుకు ఒక సులభమైన ఉపాయం దొరికింది. అది మనిషినే అడగడం. 2018 సెప్టెంబరులో విడుదలైన ఆపిల్ వాచ్ నాలుగో తరం గడియారంలో ఈ ఏర్పాటు ఉంది. ధరించిన మనిషి గట్టిగా పడినట్లు తోస్తే గడియారం మణికట్టును తట్టి, చప్పుడు చేసి, తెరమీద పలకరిస్తుంది. బాగానే ఉన్నానని ఆ మనిషి తెలియజేస్తే విషయం అక్కడితో ముగుస్తుంది. దాదాపు ఒక నిమిషంపాటు ఏ కదలికా లేకపోతే 30 సెకన్లు లెక్కపెట్టి, అత్యవసర సేవలకు తానే ఫోను చేస్తుంది. ముందుగా పేర్కొన్న బంధువులకు స్థలం వివరాలతో సందేశం పంపుతుంది. తన వయసు 55 ఏళ్లు దాటిందని నమోదు చేసినవారికి ఈ ఏర్పాటు దానంతట అదే పనిచేస్తుంది. అన్ని పతనాలనూ ఇది కనిపెట్టలేదని తయారీదారులే చెబుతున్నారు. కాని కేంబ్రిడ్జి వృద్ధుల అనుభవాన్ని గుర్తుచేసుకొంటే ఇక్కడ జరిగిన మార్పు చిన్నది కాదు. పాత మీట నొక్కితేనే సాయం వచ్చేది. ఇక్కడ వద్దంటేనే సాయం ఆగుతుంది. అడగడానికి మొగమాటపడే మనిషికి ఈ తేడా ఎంతో విలువైనది.

పాశ్చాత్య దేశాలలో రూపొందిన ఈ యంత్రాలు మన ఇళ్లలో ఎదుర్కొనే చిక్కులు కొన్ని ఉన్నాయి. కుర్చీ, మంచం, సోఫాల మధ్య జీవించే మనిషికి నేల అసహజమైన చోటు. అతడు నేలమీద అడ్డంగా ఉన్నాడంటే ఏదో జరిగిందనే అర్థం. మన పెద్దలకు నేల నిత్యజీవితంలో భాగం. పీటమీద కూర్చొని భోజనం చేస్తారు. చాపమీద నడుము వాలుస్తారు. దేవుని ముందు సాష్టాంగపడతారు. వేసవి మధ్యాహ్నం చల్లని గచ్చుమీద కొంగు పరచుకొని కునుకు తీస్తారు. మోకాళ్ల నొప్పులతో బాధపడే అమ్మమ్మ నేలమీద కూర్చోవడంలో చివరి జానెడు దూరం కూలబడటమే. నిలువుగా ఉన్నది అడ్డమైందా, తరువాత కదలిక ఆగిందా అని మాత్రమే చూసే యంత్రానికి, మధ్యాహ్నపు కునుకుకూ ప్రమాదానికీ భేదం తెలియడం కష్టం. మన వృద్ధుల కదలికలను మన ఇళ్లలోనే సేకరించి యంత్రానికి నేర్పవలసిన అవసరం ఇందువల్ల కలుగుతోంది. ఇది మన ఇంజనీరింగు విద్యార్థులు చేయదగిన పని.

మరొక చిక్కు స్నానాల గది. తడి గచ్చు, నున్నని రాళ్లు, పట్టుకోవడానికి ఏమీ లేని గోడలు. పడటానికి అంతకంటె అనువైన చోటు ఇంటిలో మరొకటి లేదు. సరిగ్గా అక్కడికి వెళ్లేముందే చేతి గడియారం తీసి అలమరలో పెట్టడం మన అలవాటు. నీటికి తట్టుకొనే పరికరమని చెప్పినా పెద్దలకు నమ్మకం కుదరదు. రాత్రివేళ దానిని ఛార్జింగుకు పెట్టి పడుకొంటారు. రాత్రి రెండు గంటలకు మూత్రవిసర్జనకు లేచినప్పుడు చేతికి ఏమీ ఉండదు. పగటిపూట వారు పేపరు చదువుకొంటున్నప్పుడు ఛార్జింగుకు పెట్టాలన్న చిన్న సలహా, కొత్త సెన్సారు చేయగల మేలుకంటె ఎక్కువ మేలు చేయవచ్చు.

పడటాన్ని గుర్తించడంతో తృప్తిపడక, నేలను తాకేలోగానే రక్షించాలన్న ప్రయత్నాలూ ఉన్నాయి. తుంటి ఎముక విరగడాలలో అత్యధికభాగం పడిపోవడం వల్లనే జరుగుతాయి. నడుము పట్టీలో మడిచి ఉంచిన గాలిసంచి, మనిషి పడుతుండగానే విచ్చుకొని తుంటిని కాపాడే పరికరాలు విదేశీ మార్కెట్లలోకి వచ్చాయి. వీటికి ఉన్న సమయం సెకనులో కొద్ది వంతు మాత్రమే. ఈ నిర్ణయంలో మనిషిని అడిగే వ్యవధి ఉండదు. నడకలో వచ్చే తూలును నెలల తరబడి కొలిచి, పడే ప్రమాదాన్ని ముందే సూచించాలని మరికొందరు కృషి చేస్తున్నారు. కాళ్లకు బలం చేకూర్చే వ్యాయామం, చూపు పరీక్ష, తూలు కలిగించే మందుల తగ్గింపు, స్నానాల గదిలో పట్టుకొనే కమ్మీ, రాత్రి వెలిగే చిన్న దీపం వంటివి ఈ పనిని ఏ యంత్రమూ లేకుండానే కొంతవరకు చేయగలవు. సెన్సారు పడకుండా ఆపదు. పడిన తరువాత గడిచే కాలాన్ని మాత్రమే అది తగ్గిస్తుంది.

మొదట ఊహించుకొన్న వృద్ధురాలి చేతికి అటువంటి గడియారం ఉండి ఉంటే, పాలు పోసే అబ్బాయి రాకముందే ఆమె కుమారుని ఫోను మోగి ఉండేది. అతడు అమెరికాలోని డాలస్‌లో ఉంటే, ఇక్కడ తెల్లవారుజామున అయిదు గంటలయ్యేసరికి అక్కడ ముందురోజు సాయంత్రం. మెలకువగానే ఉంటాడు. అయితే అక్కడినుంచి అతడు లేపలేడు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవకు గాని, 112కు గాని కబురు చేసేవారు ఇక్కడ ఎవరో ఒకరు ఉండాలి. అతడు పక్కింటివారికి ఫోను చేస్తాడు. వారు పరుగున వస్తారు. వీధి తలుపుకు లోపల గడియ వేసి ఉంది. బ్రిటన్‌లో ఇటువంటి సేవలు పొందేవారి ఇళ్లకు గుమ్మం పక్కన, అంకెలు తిప్పితే తెరుచుకొనే చిన్న తాళంచెవి పెట్టెను బిగించడం సాధారణం. మన ఇళ్లలోనైతే లోపలి గడియకు బదులు బయటినుంచి కూడా తీయగలిగే తాళం వేయించి, రెండో తాళంచెవిని పక్కింట్లో ఇచ్చిరావాలి. గడియారం కొన్ననాడే చేయవలసిన పని ఇది.